పీహెచ్‌డీ అయిపోతోంది, చేతిలో ఒక మెటీరియల్ ఉంది: టెక్నో-ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సు చేయాలా, నేరుగా దిగాలా?

మూసీ_గట్టు (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చివరి సంవత్సరం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే మెటీరియల్ మీద నాలుగున్నరేళ్లు పని చేశాను. లాంతనం అనే లోహం కలిపిన గుళికలు, సగ్గుబియ్యం అంత ఉంటాయి. గాజు గొట్టంలో నింపి పైనుంచి నీళ్లు వదిలితే కిందికి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ బాగా తగ్గిపోతుంది.

మాది నల్గొండ జిల్లా. మా అమ్మమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఐదేళ్లకే నడుము ఎత్తలేకపోయింది, చనిపోయేదాకా నేలను చూస్తూనే నడిచింది. ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో ఇంక చెప్పక్కర్లేదు అనుకుంటా.

ఇప్పుడు గైడ్ పోస్ట్‌డాక్‌కి వెళ్లమంటున్నారు, ఇంట్లో లెక్చరర్ నోటిఫికేషన్ కోసం చూడమంటున్నారు. నాకేమో ఇది పేపర్‌గా మిగిలిపోకూడదని ఉంది. కానీ బిజినెస్ అంటే నాకు ఓనమాలు కూడా రావు. ఐఐటీ హైదరాబాద్‌లో టెక్నో-ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎం.టెక్ ఉందని, ఐఐటీ మద్రాసులో ఎంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎంఎస్ ఉందని తెలిసింది. పీహెచ్‌డీ తర్వాత మళ్లీ రెండేళ్లు ఇలాంటిది చదవడం తెలివైన పనేనా? చేసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_ఫార్మా (సోమవారం, రాత్రి 11:25)

అమ్మా, నాకు అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు బల్క్ డ్రగ్స్‌లో పని చేశాను. నా మాట సూటిగా ఉంటుంది, ఏమనుకోవద్దు. వ్యాపారం కోర్సులో రాదు. అంజిరెడ్డి గారు పుణెలో నేషనల్ కెమికల్ లేబొరేటరీ నుంచి పీహెచ్‌డీ చేసి వచ్చి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశారు. 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, ఆ తర్వాతే 1984లో డాక్టర్ రెడ్డీస్. ఏ కోర్సు చేశారు ఆయన? శాంతా బయోటెక్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, బయాలజీ చదివిన మనిషే కాదు. 1993లో మొదలుపెట్టి 1997లో హెపటైటిస్-బి టీకా బయటికి తెచ్చారు. దిగితే నీళ్ల లోతు తెలుస్తుంది. మళ్లీ రెండేళ్లు క్లాసులో కూర్చోకు.

శేరిలింగంపల్లి_97 (మంగళవారం, ఉదయం 7:10)

పాత_ఫార్మా గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. అంజిరెడ్డి గారికి ఐడీపీఎల్లే బడి కదా సార్. మందు గ్రాముల్లో కాకుండా టన్నుల్లో ఎలా తయారవుతుందో, రియాక్టర్ ఎక్కడ మొరాయిస్తుందో, సరుకు ఎవరు కొంటారో ఆ ప్రాంగణంలోనే చూశారు. బాలానగర్ చుట్టుపక్కల మొదలైన సగం ఫార్మా కంపెనీల వెనుక ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లే ఉన్నారని మీరే ఇంకో థ్రెడ్‌లో రాశారు. శాంతా బయోటెక్ పరిశోధన కూడా మొదట ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో నడిచింది. అంటే వాళ్లకీ నేర్చుకునే చోటు ఒకటి దొరికింది. ల్యాబ్‌లోనే ఉండిపోయిన పీహెచ్‌డీ పిల్లలకి ఇవాళ ఆ చోటు ఎక్కడుంది? ఈ కోర్సులు పుట్టింది ఆ లోటు తీర్చడానికే.

మూసీ_గట్టు గారూ, నేను ఇలాంటి పీజీ ఒకటి చేశాను. ఏ ఇన్‌స్టిట్యూట్ అనేది వదిలేద్దాం. మా బ్యాచ్‌లో మేం తొమ్మిది మందిమి. మొదటి సెమిస్టర్లో అకౌంట్స్, మార్కెటింగ్, ఐపీ (పేటెంట్ల లాంటి హక్కులు), ప్రొడక్ట్ డిజైన్. బ్యాలెన్స్ షీట్ చదవడం నాకు అక్కడే వచ్చింది, నిజం చెప్పాలంటే అది రెండు నెలలు కూర్చుంటే ఇంట్లో కూడా వస్తుంది. అసలు ఉపయోగపడింది వేరే. థీసిస్ స్థానంలో ప్రొడక్టే ప్రాజెక్టు, కాబట్టి ఏడాదిన్నర పాటు "ఏం చేస్తున్నావు" అని ఎవరైనా అడిగితే చదువుకుంటున్నాను అని చెప్పగలిగాను. గేట్ స్టైపెండ్ నెలకి 12,400 వచ్చేది. మెషీన్లు, ప్రొఫెసర్లు, పక్క డిపార్ట్‌మెంట్ ల్యాబ్ అందుబాటులో ఉండేవి. బయట ఇవన్నీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

ఇంకో వైపు కూడా చెప్తాను. మా తొమ్మిది మందిలో చేతిలో వస్తువు ఉండి వచ్చినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లం "ఐడియా వెతుక్కుందాం" అని వచ్చాం. మొదటి ఏడాదంతా ఐడియా మార్చడంతోనే సరిపోయింది. నేను మూడు మార్చాను. ఆ ఇద్దరే ఇప్పటికీ కంపెనీ నడుపుతున్నారు, నేను ఒక కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్‌గా ఉన్నాను. బాధ లేదు, మంచి ఉద్యోగమే, కానీ నేను వెళ్లింది దానికోసం కాదు.

మీ చేతిలో వస్తువు ఉంది. మీకు కావాల్సింది డిగ్రీయా, ఆ ఏడాదిన్నర రక్షణా అన్నది ముందు తేల్చుకోండి. రక్షణ అయితే దానికి వేరే దారులు కూడా ఉన్నాయి.

క్లీవ్‌లాండ్_శీను (మంగళవారం, ఉదయం 8:55)

ఇక్కడ అమెరికాలో ఇది పాత సంగతే. మా ఊళ్లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో ఫిజిక్స్ డిపార్ట్‌మెంటే 2000లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ మాస్టర్స్ మొదలుపెట్టింది, తర్వాత కెమిస్ట్రీ, బయాలజీలకీ విస్తరించారు. బిజినెస్ స్కూల్ వాళ్లు కాకుండా సైన్స్ వాళ్లే నడపడం అందులో విశేషం. జార్జియా టెక్‌లో 2002లో టైగర్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. పీహెచ్‌డీ స్టూడెంట్‌ని, ఎంబీఏ స్టూడెంట్‌ని, ఎమొరీ నుంచి లా స్టూడెంట్‌ని ఒక జట్టుగా కూర్చోబెడతారు. పీహెచ్‌డీ వాళ్ల పరిశోధనే జట్టుకి ముడిసరుకు. ఒక్కరినే పట్టుకుని అన్నీ నేర్పేద్దాం అనుకోకుండా ముగ్గుర్ని కలిపి కూర్చోబెట్టారు, నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

నేను మాత్రం చేసింది ఐ-కోర్. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో పెట్టింది, జట్టుకి 50,000 డాలర్లు ఇస్తుంది, ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో దాదాపు వంద మందితో మాట్లాడాలి. వాళ్లు కొనే అవకాశం ఉన్నవాళ్లు, వాడేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఎవరైనా కావచ్చు. కఠినమైన నియమం ఒకటుంది: నీ వస్తువు గురించి చెప్పకూడదు, వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగాలి. మొదటి వారం నేను అందరికీ నా సెన్సర్ గొప్పతనం చెప్పుకొచ్చాను. రెండో వారం క్లాసులో టీచర్ అందరి ముందు "నువ్వు పన్నెండు మందితో మాట్లాడలేదు, పన్నెండు మందికి ఉపన్యాసం ఇచ్చావు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, నేను హాస్పిటళ్లకి అమ్ముదాం అనుకున్నది వాళ్లకి అక్కర్లేదని, హాస్పిటల్ పరికరాలు రిపేర్ చేసే కాంట్రాక్టర్లకి కావాలని. నాలుగేళ్ల పీహెచ్‌డీలో ఆ కాంట్రాక్టర్ అనేవాడు ఒకడున్నాడనే నాకు తెలియదు.

మూసీ_గట్టు గారూ, ఒక్క ప్రశ్న. మీ గుళికలకి డబ్బు ఎవరిస్తారు?

మూసీ_గట్టు (మంగళవారం, రాత్రి 9:15)

శీను గారూ, ఊళ్లలో జనం అని రాయబోయి ఆగిపోయాను. నిజానికి ఎవరినీ అడగలేదు. నా థీసిస్‌లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా మనిషి లేడు. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసిన ప్రయోగాలే ఎక్కువ. బోరు నీళ్లతో చేసినవి ఒక్క చాప్టరే, అందులోనే సామర్థ్యం బాగా పడిపోయింది, ఆ నీళ్లలోని బైకార్బొనేట్ ఫ్లోరైడ్‌కి పోటీకి వస్తుంది కదా.

ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నాను. అడిగి వచ్చి రాస్తాను.

పేటెంట్_పని (మంగళవారం, రాత్రి 10:02)

ఊరికి వెళ్లేలోపు ఇది చదవండి, ఆలస్యం చేస్తే తర్వాత ఏడ్చినా లాభం లేదు. థీసిస్ సబ్మిట్ చేశారా? ఓపెన్ వైవా అయ్యిందా? పేపర్లలో ఎంతవరకు రాశారు? మన దేశంలో యూనివర్సిటీ థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పెట్టాలి, అక్కడ పెట్టారంటే లోకం మొత్తానికి చూపించినట్టే. మన పేటెంట్ చట్టంలో ముందే బయటపెట్టుకున్నవాళ్లకి దొరికే వెసులుబాటు చాలా చిన్నది, అమెరికాలో ఉన్నట్టు ఏడాది గడువు మామూలుగా మనకి వర్తించదు. ప్రచురించిన భాగం పోయినట్టే లెక్క వేసుకోండి. గుళికలు తయారు చేసే పద్ధతి గానీ, ఆరబెట్టే క్రమం గానీ, ఇంకా బయటపెట్టనిది ఏమైనా ఉంటే ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు, వేయండి. తర్వాత పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలల టైమ్ ఉంటుంది. వ్యక్తులకి, స్టార్టప్‌లకి, విద్యాసంస్థలకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే, కాబట్టి ఫీజు భయం వద్దు.

రెండోది, పేటెంట్ ఎవరి పేరు మీద ఉంటుంది? మీది ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన అయితే మామూలుగా ఇన్‌స్టిట్యూట్‌దే. అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం వచ్చి యూనివర్సిటీలకి హక్కు స్పష్టంగా ఇచ్చింది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో రాజ్యసభకి వచ్చింది, పాస్ కాలేదు, 2014లో వెనక్కి తీసుకున్నారు. అందుకే ఒక్కో ఇన్‌స్టిట్యూట్‌కి ఒక్కో పాలసీ. మీ ఇన్‌స్టిట్యూట్ ఐపీ పాలసీ తెప్పించుకుని చదవండి. మీ కంపెనీకి లైసెన్స్ ఇస్తారా, ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తారా, గైడ్‌కి వాటా ఎంత, ఇవన్నీ స్నేహంగా ఉన్నప్పుడే కాగితం మీద పెట్టుకోవాలి.

ఎం.టెక్_రెండో_ఏడు (బుధవారం, మధ్యాహ్నం 1:30)

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. నేను మెకానికల్, మా ఫ్రెండ్స్ అంతా ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నారు. అక్కడ ఇలాంటి టెక్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ మాస్టర్స్ చేసి అక్కడే కంపెనీ పెట్టొచ్చా? కన్సల్టెన్సీ వాళ్లు "స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సే, మూడేళ్లు పనిచేసుకోవచ్చు" అంటున్నారు.

క్లీవ్‌లాండ్_శీను (బుధవారం, సాయంత్రం 6:20)

తమ్ముడూ, కన్సల్టెన్సీ మాట మీద లోన్ తీసుకోకు. చదువయ్యాక ఓపీటీ అని పని చేసుకోవడానికి అనుమతి ఉంటుంది, దాని మొదటి 12 నెలల్లో నీ చదువుకి సంబంధించిన సొంత కంపెనీ పెట్టుకోవచ్చు. తర్వాతి 24 నెలల స్టెమ్ పొడిగింపుకి ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదైన యజమాని కావాలి, ట్రైనింగ్ ప్లాన్ మీద ఆయన సంతకం కావాలి, నీ ప్లాన్ మీద నువ్వే యజమానిగా సంతకం పెట్టుకోవడం కుదరదు. అది స్టెమ్ కోర్సా కాదా అన్నది పేరుని బట్టి ఉండదు, దాని సీఐపీ కోడ్‌ని (కోర్సు ఏ వర్గమో చెప్పే నంబరు) బట్టి ఉంటుంది. అడ్మిషన్ తీసుకునే ముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి ఆ కోడ్ రాతపూర్వకంగా తెప్పించుకో. కొన్ని పూర్తిగా ఆన్‌లైన్ కోర్సులు, మేరీలాండ్ యూనివర్సిటీ టెక్నాలజీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ మాస్టర్స్ లాంటివి. చదువు పరంగా మంచివే కావచ్చు, కానీ ఆన్‌లైన్ కోర్సు మీద స్టూడెంట్ వీసా రాదు.

నేర్చుకోవడానికే అయితే రా. కంపెనీ పెట్టేది హైదరాబాద్‌లో అయితే కస్టమర్లు కూడా అక్కడే ఉంటారు కదా, ఆ రెండేళ్లు వాళ్లకి దూరంగా ఎందుకు?

గోథెన్‌బర్గ్_రమ (గురువారం, రాత్రి 1:05)

స్వీడన్ నుంచి ఒక మాట. ఇక్కడ చామర్స్ యూనివర్సిటీలో 1997 నుంచి ఎంట్రప్రెన్యూర్‌షిప్ స్కూల్ ఉంది. రెండేళ్ల మాస్టర్స్. నాకు అందులో ఆసక్తిగా అనిపించేది ఏంటంటే, ఐడియా తెచ్చేది ఎక్కువగా పరిశోధకులు, కంపెనీగా నడపడానికి ప్రయత్నించేది విద్యార్థులు. కనిపెట్టిన ప్రొఫెసర్ తన ల్యాబ్‌లోనే ఉంటారు, విద్యార్థుల జట్టు ఏడాది పాటు దాని వెంట తిరుగుతుంది, నిలబడేలా ఉంటే కంపెనీ చేస్తారు. ఇక్కడ యూనివర్సిటీ పరిశోధకుడు కనిపెట్టింది పరిశోధకుడిదే అనే చట్టం 1949 నుంచి ఉంది, అందుకని ప్రొఫెసర్లు ముందుకు వస్తారు.

ఇదెందుకు చెప్తున్నానంటే, కనిపెట్టిన మనిషే కంపెనీ నడపాలని రూలేం లేదు. మూసీ_గట్టూ, నీకు ల్యాబ్ ఇష్టమా, జనంతో తిరగడం ఇష్టమా? ల్యాబ్ ఇష్టమైతే తిరిగే మనిషిని వెతుక్కో. నేను ఆ ప్రశ్న వేసుకోకుండా దిగి రెండేళ్లు నా ఆరోగ్యం పాడుచేసుకున్నాను. ఫోన్ మోగితే టెన్షన్, మోగకపోతే ఇంకా టెన్షన్. నాకు మైక్రోస్కోప్ ముందు కూర్చుంటేనే మనశ్శాంతి అని తర్వాత అర్థమైంది. యూరప్ బయటి విద్యార్థులకి 2011 నుంచి ఇక్కడ ఫీజులు ఉన్నాయి, అది కూడా ఎవరైనా చూసేవాళ్లుంటే గుర్తుపెట్టుకోండి.

వైజాగ్_ఫిట్టర్ (గురువారం, ఉదయం 9:40)

నేను వైజాగ్‌లో చిన్న యూనిట్ నడుపుతున్నాను, ప్లాస్టిక్ మౌల్డింగ్, ఫిల్టర్ హౌసింగ్‌లు (ఫిల్టర్‌ని పెట్టే డబ్బాలు). మేడం గారూ, ఒకసారికి ఎన్ని గ్రాముల గుళికలు చేస్తారు?

మూసీ_గట్టు (గురువారం, ఉదయం 10:15)

ఐదు గ్రాములు. బాగా కష్టపడితే రోజుకి ఇరవై.

వైజాగ్_ఫిట్టర్ (గురువారం, మధ్యాహ్నం 12:50)

అయితే ముందు అది చూసుకోండి. ఇంటి ఫిల్టర్‌కి ఒక చిన్న కార్ట్రిడ్జ్ నింపాలన్నా అర కిలో దాకా పడుతుంది, మీరు నెలంతా కూర్చుని ఒకటి చేస్తారు. కోర్సులో ఇది చెప్తారో లేదో నాకు తెలియదు గానీ మా దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లలందరూ ఇక్కడే ఆగిపోతారు. ఒకటి చేస్తారు, పని చేస్తుంది, ఫొటో దిగుతారు. వంద చేయమంటే వందా వంద రకాలుగా వస్తాయి. గుళిక సైజు మారితే నీళ్ల ప్రెషర్ మారుతుంది, మధ్యలో దారి చేసుకుని నీళ్లు పక్కనుంచి పోతాయి. రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది కదా, అక్కడ మెషీన్లు ఉన్నాయి, వెళ్లి కూర్చోండి. గుళికలు కార్చే నాజిల్ ప్లేట్ ఒకటి చేయించుకుంటే ఒక్క సూది బదులు వంద సూదులు పెట్టినట్టు.

శేరిలింగంపల్లి_97 (గురువారం, రాత్రి 8:30)

ఇదే నేను చెప్పాలనుకున్న "వేరే దారులు". మూసీ_గట్టు గారూ, ప్రొటోటైప్‌కి, అంటే మొదటి నమూనాకి, కేంద్ర ప్రభుత్వ పథకం నిధి-ప్రయాస్ ఉంది, 10 లక్షల దాకా ఇస్తారు. చేతిలో పట్టుకునే వస్తువుకే ఇస్తారు, మీది సరిపోతుంది. బతకడానికి నిధి-ఈఐఆర్ ఫెలోషిప్, నెలకి 30,000 దాకా. కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంట్ 50 లక్షల దాకా, 18 నెలలు, జనవరి 1న, జూలై 1న దరఖాస్తులు తెరుస్తారు. కానీ అది బయోటెక్ వైపుది, మీ మెటీరియల్ దాని కిందికి వస్తుందో రాదో ముందే ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చోటు, సాయం ఇచ్చే కేంద్రం) వాళ్లని అడగండి. తుర్కపల్లిలో ఐకేపీ, హబ్సిగూడలో సీసీఎంబీ వాళ్ల అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, సెంట్రల్ యూనివర్సిటీలో యాస్పైర్-బయోనెస్ట్, ట్రిపుల్ ఐటీలో సీఐఈ, ఎవరి దగ్గరికైనా వెళ్లి అరగంట అడిగితే చెప్తారు.

ఇంకో రకం చదువు కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోనే హెల్త్‌కేర్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెంటర్ ఏడాది ఫెలోషిప్ నడుపుతుంది. ఇంజనీర్లని, డాక్టర్లని, డిజైనర్లని ముందు హాస్పిటల్లో తిప్పుతారు. ఏం చేయాలో తర్వాత, ఏం బాధ ఉందో ముందు. స్టాన్‌ఫర్డ్ బయోడిజైన్ 2001లో మొదలుపెట్టిన పద్ధతే అది. మీది వైద్య పరికరం కాదు కాబట్టి మీకు నేరుగా కుదరకపోవచ్చు, కానీ పద్ధతి చూడండి.

మూసీ_గట్టు (ఆదివారం, రాత్రి 11:50)

ఊరి నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్లి ఇప్పుడే వచ్చాను. కాళ్లు లాగుతున్నాయి కానీ ఇది రాయకుండా పడుకోలేను.

మొదటి సంగతి, నేను ఊహించుకున్న ఊరు ఇప్పుడు లేదు. మిషన్ భగీరథ నల్లా మా చిన్నమ్మ ఇంటి వాకిట్లోనే ఉంది. అమ్మమ్మ రోజుల్లోలా బోరు నీళ్లు తాగేవాళ్లు ఒక్కరు కూడా కనపడలేదు. నాలుగున్నరేళ్లు నేను ఎవరికోసం పని చేశానా అని ఆ అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

తర్వాత చూశాను, నల్లా నీళ్లతో వంట చేస్తున్నారు, బట్టలు ఉతుకుతున్నారు. తాగడానికి మాత్రం మూలన నీలం క్యాన్ ఉంది. ఇరవై లీటర్లది, ఊరి చివర ప్లాంట్ నుంచి వస్తుంది. ఎందుకు పిన్నీ, నల్లా నీళ్లు బాగున్నాయి కదా అంటే "అలవాటైంది బిడ్డా, క్యాన్ నీళ్లు తియ్యగుంటయ్" అంది. పన్నెండు ఇళ్లు తిరిగాను, తొమ్మిది ఇళ్లలో క్యాన్ ఉంది.

ప్లాంట్‌కి వెళ్లాను. రేకుల షెడ్డు, లోపల ఆర్ఓ మెషీను, బయట సొంత బోరు. నడిపే అన్న వయసు నలభై ఉంటుంది, చొక్కా జేబులో నీళ్లలో ఉప్పులు కొలిచే టీడీఎస్ పెన్ను పెట్టుకున్నాడు. శీను గారు చెప్పినట్టు నా గుళికల ఊసే ఎత్తలేదు, రోజూ పొద్దున ఏం చేస్తావన్నా అని మాత్రం అడిగాను. ఆయన గ్లాసులో నీళ్లు పట్టి పెన్ను ముంచి చూపించాడు, 35. "ఇవి జనానికి పోస్తే చేదుగున్నయ్ అని క్యాన్ వాపస్ తెస్తరు మేడం" అని పక్కన ఉన్న చిన్న వాల్వ్ పావు వంతు తిప్పాడు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ ముంచాడు, 120. "ఇప్పుడు తియ్యగుంటయ్." ఆ వాల్వ్ ఎక్కడిదన్నా అంటే పైపు వెంట చెయ్యి పెట్టి చూపించాడు. అది ఆర్ఓ దాటకుండా బోరు నుంచి నేరుగా వచ్చే లైను.

అర్థమైంది కదా. ఫ్లోరైడ్ తీసేయడానికి కరెంటు కాల్చి, సగానికి పైగా నీళ్లు రిజెక్ట్ కింద మోరీలో పోసి, చివర్లో రుచి కోసం అదే బోరు నీళ్లు మళ్లీ కలుపుతున్నారు. ఆయన తప్పేం లేదు. టీడీఎస్ పెన్ను అన్ని ఉప్పులూ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు, ఆయనకీ తెలిసే దారి లేదు. రెండు సీసాలు పట్టుకొచ్చి ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో చూశాను. వాల్వ్ తిప్పకముందు పట్టిన సీసాలో దాదాపు ఏమీ లేదు. తిప్పిన తర్వాతి సీసాలో లీటరుకి 1.2 మిల్లీగ్రాములు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి 1, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5. వాల్వ్ ఇంకొంచెం తిప్పిన రోజు ఎంత ఉంటుందో ఎవరూ చూడరు. పిన్ని వాళ్ల పాప పళ్ల మీద చారలు నేను ఇవాళే గమనించాను.

వైజాగ్_ఫిట్టర్ (సోమవారం, ఉదయం 6:30)

మేడం, మీ గుళికలు ఆ వాల్వ్ లైన్లో పెట్టాలి! మొత్తం నీళ్లకి అక్కర్లేదు, కలిపే ఆ కొద్ది నీళ్లకే. మిగతా ఉప్పులు వదిలేసి ఫ్లోరైడ్ ఒక్కటే పట్టుకుంటే రుచి అలాగే ఉంటుంది కదా?

మూసీ_గట్టు (సోమవారం, ఉదయం 7:05)

రాత్రంతా అదే ఆలోచించాను అండీ. కాల్షియం, మెగ్నీషియం జోలికి అది పోదు. కలిపే నీళ్లు మొత్తంలో పది శాతం లోపే ఉంటాయి కాబట్టి గుళికలు కూడా తక్కువ సరిపోతాయి. ఆర్ఓ పోటీదారు అని థీసిస్ ఇంట్రడక్షన్‌లో రెండు పేజీలు తిట్టాను, ఇప్పుడు చూస్తే ఆర్ఓ పక్కనే నా చోటు ఉంది.

క్లీవ్‌లాండ్_శీను (సోమవారం, ఉదయం 8:40)

చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ ఒక్క ప్లాంట్ చూసి నిర్ణయం తీసుకోకండి, నేనైతే అలాగే దెబ్బతిన్నాను. ఇంకో ముప్పై ప్లాంట్లు చూడండి. ఆ అన్నకి క్యాన్ మీద ఎంత మిగులుతుంది, ఫిల్టర్లు ఎవరి దగ్గర కొంటాడు, మెంబ్రేన్ (ఆర్ఓ లోపలి వడపోత పొర) ఎన్ని నెలలకి మారుస్తాడు, చెడిపోతే ఎవరికి ఫోన్ చేస్తాడు, ఇవి అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. ఆయన ఫోన్ చేసే ఆ సర్వీసు మనిషే మీ సరుకు అమ్మిపెట్టే మనిషి. ఫ్లోరైడ్ గురించి బాధపడేది తాగే కుటుంబం, డబ్బు పెట్టాల్సింది ప్లాంట్ ఓనరు, ఈ ఇద్దరి మధ్య ఏముంది అనేదే మీ అసలు చిక్కు. చూడని దానికి ఆయన ఎందుకు ఖర్చు పెడతాడు?

పాత_ఫార్మా (సోమవారం, ఉదయం 11:00)

అమ్మా, నేను మొదట రాసింది తొందరపడి రాశాను. దిగు అన్నాను గానీ ఎక్కడ దిగాలో చూసుకోమని చెప్పలేదు. అబ్బాయి చెప్పిన ఐడీపీఎల్ మాట నిజమే, నేనూ అక్కడ నేర్చుకున్నవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

రసాయనం వైపు రెండు అడుగుతాను. నిండిపోయిన గుళికల్ని ఏం చేస్తావు? కాస్టిక్‌తో కడిగి మళ్లీ వాడితే ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావు? 1970ల్లో నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు నల్గొండ పేరుతోనే పటిక, సున్నం పద్ధతి తెచ్చారు, అది ఊళ్లలో నిలవకపోవడానికి మడ్డి ఒక కారణం. ఎవరు ఎత్తిపోస్తారు రోజూ? అలాగే లాంతనం నీళ్లలోకి దిగుతుందా లేదా అన్నది బోరు నీళ్లతో నెలల తరబడి చూపించాలి. ఈ రెండూ తేలకుండా ఒక్క క్యాన్‌లో కూడా పెట్టొద్దు. తాగేది పిల్లలు.

మూసీ_గట్టు (సోమవారం, రాత్రి 9:30)

సార్, మీరు అడిగినవి రెండూ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకున్నాను. లాంతనం దిగడం పది రోజుల దాకానే చూశాను, అది చాలదు. నిండిన గుళికలు ఊళ్లో కడగకుండా కార్ట్రిడ్జ్ మొత్తం వెనక్కి తెచ్చుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను, గ్యాస్ సిలిండర్ మార్చినట్టు.

ఇవాళ గైడ్‌తో గంటన్నర మాట్లాడాను. భయపడ్డాను గానీ ఆయన కోప్పడలేదు. వాల్వ్ సంగతి చెబితే కుర్చీలో ముందుకి జరిగి బొమ్మ గీయమన్నారు. సబ్మిషన్ రెండు నెలలు వాయిదా వేసుకుంటున్నాం. గుళికలు ఆరబెట్టే క్రమం ఏ పేపర్లోనూ రాయలేదు కాబట్టి ముందు ప్రొవిజనల్, ఐపీ సెల్ వాళ్లు బుధవారం రమ్మన్నారు. బోరు నీళ్ల చాప్టర్ మళ్లీ చేస్తాను, ఈసారి ఆ షెడ్డు నీళ్లతోనే.

ఎం.టెక్ చేయడం లేదు. వద్దని తీసిపారేయడం కాదు, ఇరవై రెండేళ్లప్పుడు బీటెక్ అయిపోయి చేతిలో ఇలాంటిది ఉండుంటే తప్పకుండా చేసేదాన్ని. ఇప్పుడు క్యాంపస్‌లో ఒక సెమిస్టర్ అకౌంట్స్, ఐపీ క్లాసుల్లో కూర్చోవడానికి పర్మిషన్ అడిగాను. థీసిస్ అయ్యాక ఈఐఆర్‌కి, ప్రయాస్‌కి దరఖాస్తు. రమ గారూ, మీ ప్రశ్న చాలా గుచ్చుకుంది. ఆదివారం పన్నెండు ఇళ్లు తిరిగినప్పుడు అలసట తెలియలేదు, అది మాత్రం చెప్పగలను. అయినా లెక్కలూ అమ్మకాలూ చూసే మనిషి కావాలి, వెతుకుతున్నాను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకి ఫోన్లో సగం చెప్పి ఆగిపోయాను.

గోథెన్‌బర్గ్_రమ (మంగళవారం, రాత్రి 12:20)

నాన్నగారిని ఆ ప్లాంట్ దగ్గరికి తీసుకెళ్లు. నువ్వేం చెప్పొద్దు, ఆ వాల్వ్ తిప్పడం ఆయన్ని చూడనీ.

ఎం.టెక్_రెండో_ఏడు (మంగళవారం, ఉదయం 9:00)

అక్కా, మాది ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర. మా వైపు కూడా ఫ్లోరైడ్ ఎక్కువే. మా చుట్టుపక్కల ఆర్ఓ ప్లాంట్లు నాకు తెలిసినవే ఏడెనిమిది ఉన్నాయి. మా మామయ్య ప్లాంట్లకి మెంబ్రేన్లు, మోటార్లు వేసే పని చేస్తాడు, బండి మీద రోజూ నాలుగు ఊళ్లు తిరుగుతాడు. శీను అన్న చెప్పిన సర్వీసు మనిషి అంటే మా మామయ్యే. వచ్చే శనివారం నేను ఇంటికి వెళ్తున్నాను, వస్తారా? లేదంటే ప్రశ్నలు రాసి పంపండి, నేనే అడిగి వస్తాను, సీసాల్లో నీళ్లు కూడా పట్టుకొస్తాను.

మూసీ_గట్టు (మంగళవారం, ఉదయం 9:25)

వస్తాను తమ్ముడూ. నాన్నని కూడా తీసుకొస్తాను. సీసాలు ప్లాస్టిక్‌వి తీసుకో, గాజువి వద్దు, ఫ్లోరైడ్ గాజుకి పడుతుంది. ప్రతి ప్లాంట్‌లో రెండేసి కావాలి, వాల్వ్ మూసి ఒకటి, తెరిచి ఒకటి. సీసా మీద టైమ్ రాయి.

వైజాగ్_ఫిట్టర్ (మంగళవారం, ఉదయం 10:10)

ఆ బైపాస్ లైను పైపు అరంగుళమా, ముప్పావు అంగుళమా కొలిచి రండి మేడం. పది అంగుళాల హౌసింగ్‌లు రెండు నా దగ్గర ఊరికే ఉన్నాయి, కొలత చెప్తే దానికి తగ్గ ఫిట్టింగ్ బిగించి కొరియర్ చేస్తాను. డబ్బు సంగతి తర్వాత.